పియానోకు నూనె పెట్టకండి, నీళ్ళు పోయకండి

పియానో మా ఇంటికి వచ్చిన రోజే దానికి నేనొక అపచారం చేశాను. నాకు పాఠాలు చెప్పిన టీచరమ్మ, వేళ్ళు మాట వినడం మానేశాక, తన నిలువు పియానోను నాకు ఇచ్చేశారు. దాని వయసు వందేళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. మోసుకొచ్చినవాళ్ళు గుమ్మం దాటగానే, బల్లలూ బీరువాలూ మెరిపించే స్ప్రే సీసా తీసుకుని ముందూ పక్కలా కొట్టి, మెత్తటి గుడ్డతో చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. అద్దంలా తయారైంది. మూడు వారాల తర్వాత శ్రుతి చేయడానికి వచ్చిన ట్యూనర్ గారు మూత ఎత్తబోయి ఆగారు. చెక్కను చూపుడు వేలితో ఒకసారి రాసి, ఆ వేలిని వాసన చూశారు.

“ఏం కొట్టారమ్మా దీనికి?”

చెప్పాను. ఆయన కోప్పడలేదు. పై మూత ఎత్తి, లోపల వరసలు వరసలుగా దిగగొట్టి ఉన్న ఉక్కు పిన్నులు చూపించారు. పియానోకు వేళ్ళతో నొక్కే మెట్లు 88 మాత్రమే ఉన్నా, ఎక్కువ స్వరాలకు మూడేసి తీగలు ఉంటాయి కాబట్టి మొత్తం 230 తీగల దాకా తేలతాయి. అన్నీ కలిసి లాగే బలం సుమారు 18 నుంచి 20 టన్నులు. ఆ బరువంతా మోసేది పోత ఇనుప చట్రమే. కానీ తీగ చివర చుట్టుకున్న పిన్ను వెనక్కి తిరిగిపోకుండా పట్టి ఉంచేది మాత్రం వట్టి చెక్క. అక్కడ జిగురు లేదు, బిగించే నట్టు లేదు, చెక్కకూ ఉక్కుకూ మధ్య ఉన్న రాపిడే ఆధారం. స్ప్రేలోని సిలికోన్ గానీ నూనె గానీ అక్కడికి చేరితే పిన్ను పట్టు వదులుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు శ్రుతి చేసినా నిలవదు. “మూత మూసి ఉన్నప్పుడు కొట్టారు, బతికిపోయింది” అన్నారాయన.

ఆ సీసా ఆ గదిలోకి మళ్ళీ రాలేదు. ఇప్పుడు నా దగ్గర ఉన్న సామగ్రి ఇంతే: మెత్తటి కుచ్చు ఉన్న వెడల్పాటి పెయింటు బ్రష్షు (రంగు ముట్టనిది), ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డలు నాలుగు, చిన్న టార్చి, వాక్యూమ్ క్లీనరుకు తగిలించే కుచ్చు మూతి. గుడ్డలు నాలుగెందుకో మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు పైచెక్క సంగతి. ఏ పియానో అయినా తుడిచే ముందు దుమ్ము దులపాలి. దుమ్ములో కంటికి కనబడని ఇసుక ఉంటుంది. పొడి గుడ్డతో గట్టిగా రుద్దామంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. నల్లగా నిగనిగలాడే పియానోల మీద, దీపం వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు సాలెగూడులా కనిపించే సన్నటి గీతలన్నీ ఇలా శుభ్రం చేసినవాళ్ళ శ్రద్ధ ఫలితాలే. బ్రష్షుతో పైనుంచి కిందికి, ఒత్తకుండా, దుమ్ము లేచిపోయేలా విదిలించాలి. పై మూత, పుస్తకం నిలబెట్టే పలక, పక్కలు, కాళ్ళు, చివర మెట్లు. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది.

దుమ్ము పోయాక గుడ్డ పట్టే పద్ధతి పైపూతను బట్టి మారుతుంది. అద్దంలా మెరిసే పాలిస్టర్ పూత గట్టిది. గుడ్డను నీళ్ళలో ముంచి గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెడితే చాలు. మెరుపు తక్కువగా ఉండే మాట్ పూత మీద జాగ్రత్తగా చూస్తే ఒకే దిక్కుగా సాగే సన్నటి చారలు కనిపిస్తాయి. గుడ్డ ఆ చారల వెంటే సాగాలి. గుండ్రంగా తిప్పితే అక్కడ మచ్చలాంటి మెరుపు తేలుతుంది, అది పోదు. మా పియానోలాంటి పాతవాటికి ఎక్కువగా లక్కపూత ఉంటుంది. దానికి నీళ్ళు పడవు, ఆల్కహాలు అసలే పడదు. పొడి గుడ్డ తప్ప దానికి నేనేమీ తాకించను. మా పియానో పై మూత మీద, ఎడమ మూల, అరచేయంత తెల్లటి వలయం ఉంది. టీచరమ్మ గారింట్లో ఎప్పుడో ఎవరో పూలకుండీ పెట్టారట. కుండీ ఒక సాయంత్రమే ఉంది, వలయం మాత్రం ఇప్పటికీ ఉంది. అందుకే మా ఇంట్లో పియానో మీద పుస్తకాలు తప్ప ఏదీ నిలబడదు. ఫొటో చట్రాలు కూడా వద్దు. వాటి వల్ల చెక్కకు నష్టమేమీ లేదు గానీ, ఏదో ఒక స్వరం దగ్గర అద్దం జుమ్మంటుంది. ఆ జుమ్మనే చోటు వెతకడానికి ఒకసారి నాకు రెండు రోజులు పట్టింది. పియానో లోపల ఏదో పగిలిందనుకున్నాను.

ఇక మెట్లు. తెల్లవి 52, నల్లవి 36. వీటిని తుడవడానికి ముందు అవి దేనితో చేసినవో తెలుసుకోవాలి. మా పియానోలో తెల్ల మెట్ల మీద ఉన్నది ఏనుగు దంతపు పలక, ఒక్క మెట్టు మీద తప్ప. కుడివైపు చివరి నుంచి తొమ్మిదోది ఎప్పుడో ఊడిపోతే ప్లాస్టిక్ అతికించారు. పక్కపక్కనే ఉండటం వల్ల తేడా చూపించడం తేలిక. ప్లాస్టిక్ మెట్టు ముందు నుంచి వెనక్కి ఒకే ముక్క, కాగితంలా తెల్లగా, ఎక్కడ చూసినా ఒకే రంగు. దంతపు మెట్టు మీద, నల్ల మెట్లు మొదలయ్యే చోట, అడ్డంగా వెంట్రుకంత గీత ఉంటుంది. ముందరి వెడల్పు భాగం ఒక ముక్క, వెనక సన్నటి తోక ఇంకో ముక్క, వాటి అతుకే ఆ గీత. టార్చి పక్కనుంచి వేస్తే లోపల సన్నటి నార చారలు కూడా కనిపిస్తాయి. వేలికి కూడా తేడా తెలుస్తుంది. ప్లాస్టిక్ మీద చెమట నిలుస్తుంది, దంతం కాస్త పీల్చుకుంటుంది.

ఆ పీల్చుకునే గుణమే దాని బలహీనత. నీళ్ళు తగిలితే ఆ పలుచటి పలక వంగుతుంది, కింద జిగురు వదులుతుంది, ఒకరోజు వాయిస్తుండగా టక్కున లేచి వస్తుంది. అలా లేచిన ముక్క ఉంటే పారేయకుండా చిన్న కవరులో దాచి, ట్యూనర్ వచ్చినప్పుడు ఇవ్వండి. ఇంట్లో ఉన్న గట్టి జిగురుతో మీరే అతికించకండి. ఆ జిగురు గీకి తీయలేక మా ట్యూనర్ గారు పడ్డ అవస్థ చూశాను (అతికించింది నేను కాదు, ఈ ఒక్క పాపం నాది కాదు).

తుడిచే తీరు ఇదీ. అర లీటరు గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు ఒకే ఒక్క చుక్క. గుడ్డ ముంచి, ఇక చుక్క రాదు అనేదాకా పిండి, దాన్ని మీ ముంజేతికి ఆనించి చూడండి. చల్లగా తగలాలి, తడి అంటకూడదు. ఒకసారికి ఒక సప్తకం, అంటే ఏడెనిమిది తెల్ల మెట్లు, అంతకు మించవద్దు. మెట్టు వెనక నుంచి మీవైపుకు లాగుతూ తుడవాలి. అడ్డంగా తుడిస్తే మురికీ తడీ మెట్ల మధ్య సందుల్లోకి దిగుతాయి, పలకల అంచులకు గుడ్డ పోగులు తగులుకుంటాయి. ఆ సప్తకం పూర్తికాగానే పొడి గుడ్డతో మళ్ళీ అదే దిక్కుగా. దంతానికైతే సబ్బు చుక్క కూడా ఏడాదికి ఒకసారి చాలు, మిగతా రోజుల్లో పొడి గుడ్డే.

నల్ల మెట్లకు వేరే గుడ్డలు. పాత పియానోల్లో నల్ల మెట్లు రంగు వేసిన చెక్కవి కావచ్చు. వాటిని తుడిచిన గుడ్డతోనే తెల్లవాటిని ముట్టుకుంటే ఏం జరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు. అందుకే నాలుగు గుడ్డలు: తెల్లవాటికి తడిదీ పొడిదీ, నల్లవాటికి తడిదీ పొడిదీ. నల్లవాటి గుడ్డల మూలకు నల్ల దారం కుట్టి పెట్టుకున్నాను.

స్పిరిటు, అద్దాలు తుడిచే ద్రవం, తడి టిష్యూలు ఏవీ వద్దు. ఆల్కహాలు వల్ల ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్ళు రావచ్చు, చెక్క పూత కరగవచ్చు. చేతులకు శానిటైజర్ రాసుకుని నేరుగా వాయించడానికి కూర్చునే పిల్లలున్న ఇళ్ళలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరాక కూర్చోబెట్టండి. ఈ ఒక్క అలవాటుతో మెట్లు తుడిచే పని సగానికి సగం తగ్గుతుంది.

పసుపుబారిన దంతం గురించి అందరూ అడుగుతారు. అది మురికి కాదు, వయసు. రుద్దితే పోదు. దంతానికి వెలుతురు కావాలి. ఎప్పుడూ మూత వేసి చీకట్లో ఉంచితే ఇంకా త్వరగా పసుపుబారుతుంది. కాబట్టి దంతపు మెట్లున్నవాళ్ళు పగటిపూట కాసేపు మూత తెరిచి ఉంచవచ్చు, చెక్క మీద నేరుగా ఎండ పడకుండా చూసుకుని. ప్లాస్టిక్ మెట్లున్నవాళ్ళు వాయించనప్పుడు మూత వేసేయడమే మేలు. టూత్‌పేస్టు, నిమ్మరసం లాంటి చిట్కాలు విని ఊరుకోండి. టీచరమ్మ వేళ్ళు ఎక్కువగా తిరిగిన మధ్య మెట్లలో మూడింటికి చిన్న పల్లాలు పడ్డాయి. వాటి రంగు పాత తేనెరంగు. వాటిని తెల్లగా చేయాలని నాకెప్పుడూ అనిపించలేదు.

లోపలి శుభ్రతలో మన చేతికి వదిలేసిన చోటు ఒక్కటే ఉంది, నిలువు పియానో కింది పలక వెనక. మెట్ల బల్ల కింద, మీ మోకాళ్ళ ఎదురుగా ఉండే పెద్ద పలక అది. నేల మీద కూర్చుని, పలక పై అంచు దగ్గర చెయ్యి పెట్టి తడిమితే ఉక్కు పట్టీ స్ప్రింగు ఒకటి తగులుతుంది. దాన్ని పైకి నొక్కి పట్టుకుని పలక పై అంచును మీవైపు లాగితే ఊడి చేతికొస్తుంది. బరువుంటుంది, కాళ్ళ మీద పడకుండా చూసుకోండి. మొదటిసారి తెరిచినప్పుడు నాకు దొరికినవి: పెన్సిల్ ముక్కలు మూడు, తలపిన్ను ఒకటి, చొక్కా గుండీ, నాణేలు రెండు, ఇంకా నాలుగుగా మడిచిన ఒక కాగితం. అందులో ఒక పిల్ల రాత: “ఈ పాఠం నాకు రాదు.” టీచరమ్మకు చూపిస్తే, ఎవరు రాశారో వెంటనే చెప్పేశారు.

అక్కడ పేరుకున్న దుమ్మును బ్రష్షుతో కదుపుతూ, వాక్యూమ్ మూతిని వేలెడు దూరంలో పట్టుకుని, తక్కువ వేగంలో లాగించాలి. పెడళ్ళకు కట్టిన చెక్క బద్దలను జరపకూడదు. తీగలను చేత్తో ముట్టుకోకూడదు. రాగి చుట్టిన లావు తీగలు చూడముచ్చటగా ఉంటాయి, వేలు పెట్టాలనిపిస్తుంది. ఆ వేలి చెమటే తుప్పుకు మొదలు. మూసే ముందు టార్చితో మూలలు చూడండి. నలిగిన కాగితపు ముక్కలు, గింజల్లాంటి రెట్టలు ఉంటే ఎలుక కాపురం పెట్టిందని అర్థం. ఉన్ని పొడి రాలి ఉంటే చిమ్మెట పురుగు. పియానోలో తీగలను కొట్టే సుత్తుల తలలు, తీగల నాదాన్ని ఆపే దిండ్లు, మెట్ల కింది మెత్తలు అన్నీ ఉన్ని ఫెల్ట్‌తోనే చేస్తారు. చీకటి, నిశ్శబ్దం, ఉన్ని — పురుగుకు ఇంతకన్నా ఏం కావాలి? రోజూ వాయించే పియానోలో అది అంత తీరుబడిగా ఉండలేదు. కలరా ఉండలు నేను వేయను. ఫెల్ట్ ఆ వాసన పట్టిందంటే, వాయించినంతసేపూ బట్టల పెట్టెలో తల పెట్టినట్టుంటుంది.

పై మూత ఎత్తి సుత్తుల వరసను చూడండి, చూసి మూసేయండి. అక్కడ వాక్యూమ్ పెట్టవద్దు. సుత్తులకు కట్టిన సన్నటి పట్టీలు పాత పియానోల్లో ముట్టుకుంటే పొడైపోయే స్థితిలో ఉంటాయి. తీగలు నేలకు సమాంతరంగా పరిచి ఉండే గ్రాండ్ పియానోలో వాటి కింది సౌండ్‌బోర్డు (నాదాన్ని పెంచే చెక్క పలక) మీద పేరుకునే దుమ్ము కూడా అంతే, కంటికి ఎంత చిరాకుగా ఉన్నా ట్యూనర్‌కే వదలండి. తీగల సందులోంచి గుడ్డను పోనిచ్చే సన్నటి ఉక్కు పట్టీ వాళ్ళ దగ్గర ఉంటుంది.

మెట్లను ఊడదీసి శుభ్రం చేయాలనే ఉబలాటం వస్తుంది. నాకూ వచ్చింది. మా ట్యూనర్ గారు ఒకసారి తీసి చూపించాక పోయింది. ప్రతి మెట్టు చెక్క మీదా ఎడమ నుంచి కుడికి 1 మొదలు 88 వరకు అంకెలు వేసి ఉన్నాయి. మెట్టు కింద, అది ఊగే నడిమి పిన్ను చుట్టూ, ఫెల్ట్ బిళ్ళా దాని అడుగున పలుచటి కాగితపు వలయాలూ ఉన్నాయి. ఒకచోట రెండు, ఒకచోట అయిదు, ఒకటి సిగరెట్ కాగితమంత పలుచన. మెట్లన్నీ ఒకే ఎత్తులో కనిపించేది ఆ కాగితాల చలవే. తుమ్మితే ఎగిరిపోతాయి, ఎగిరిపోతే ఏది ఎక్కడిదో ఇక తెలియదు. ఇంకొకటి: కొన్ని పాత పియానోల్లో మెట్ల చెక్కలో బరువు కోసం సీసపు బిళ్ళలు పొదుగుతారు. అవి పాతబడి తెల్లటి పొడి రాలుస్తాయి. మెట్ల సందుల్లో అలాంటి పొడి కనిపిస్తే ఊదకండి, బ్రష్షు వేయకండి. సీసం ఊపిరితిత్తుల్లోకి పోవలసిన వస్తువు కాదు.

మెట్టు దిగి పైకి రావడం లేదా? మొదట దాన్ని పక్కకు కొంచెం కదిపి చూడండి. పక్క మెట్టు కూడా కదిలితే సందులో ఏదో ఇరుక్కుంది, టార్చి వేస్తే దొరుకుతుంది. ఏమీ లేకుండానే బిగుసుకుని ఉంటే, లోపలి ఫెల్ట్ తేమకు ఉబ్బి ఉంటుంది. గాలి పొడిబారాక చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. మా తమ్ముడికి అంత ఓపిక లేదు. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాడు. రెండు రోజులు హాయిగా పలికింది. మూడో రోజు నుంచి ఫెల్ట్ నూనె తాగి ఉబ్బి, ఆ మెట్టుతోపాటు పక్కదీ లేవడం మానేసింది. ఫెల్ట్ మార్చాల్సి వచ్చింది.

తేమ మాట వచ్చింది కాబట్టి, అసలు సంగతి ఇక్కడుంది. దుమ్ము వల్ల చెడిన పియానో కన్నా గాలి వల్ల చెడిన పియానోలే ఎక్కువ. లోపల ఉండే సౌండ్‌బోర్డు సాధారణంగా స్ప్రూస్ కలపతో చేసిన పలుచటి పెద్ద పలక. గాలిలో తేమ పెరిగితే అది ఉబ్బి పైకి వంగుతుంది, తీగలు ఇంకా బిగుసుకుంటాయి, శ్రుతి పైకి పోతుంది. గాలి పొడిబారితే ఇదంతా తిరగబడుతుంది. సెకనుకు 440 కంపనాల దగ్గర నిలబెట్టిన మధ్య ‘ఎ’ స్వరం, ఎవరూ ముట్టకుండానే, నెల తిరిగేసరికి ఇంకోచోట ఉంటుంది. మరీ ఎండిపోతే సౌండ్‌బోర్డు చీలవచ్చు, పిన్నులను పట్టిన చెక్క వదులు కావచ్చు.

గదిలో గాలి తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. అంతకన్నా ముఖ్యం, అది ఎగుడుదిగుళ్ళు లేకుండా ఉండటం. ఎప్పుడూ 55 ఉండే గది, ఈ వారం 35, వచ్చే వారం 65 ఉండే గది కన్నా నయం. దానికి తగ్గట్టే పియానో చోటు: కిటికీ ఎండకు దూరంగా, ఏసీ గాలి నేరుగా తగలని చోట, వంటగది ఆవిరి రాని చోట, వీలైతే బయటి గోడకు కాకుండా లోపలి గోడ వైపు, వెనక బెత్తెడు ఖాళీతో. గాలి మరీ పొడిగా ఉంటే పియానో లోపల గ్లాసుతో నీళ్ళు పెట్టమని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆ గ్లాసు ఎంత తేమ ఇస్తుందో గానీ, ఒలికిందంటే మాత్రం నిండా ఇస్తుంది. గది గాలినే సరిచేయండి.

మెట్ల మీద నీళ్ళో కాఫీయో ఒలికితే: గుడ్డ అద్ది పీల్చండి, రుద్దవద్దు. మెట్లు నొక్కి చూడవద్దు, నొక్కితే తడి ఇంకా లోపలికి దిగుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రం పెట్టవద్దు, వేడికి చెక్క వంకర తిరుగుతుంది. ట్యూనర్‌కు అదే రోజు ఫోను చేయండి. డిజిటల్ పియానో అయితే ముందు ప్లగ్గు పీకండి. మామూలు రోజుల్లో దానికి పొడి గుడ్డా, వాయించనప్పుడు ఒక ముసుగూ చాలు.

ఇత్తడి పెడళ్ళకు పాలిష్ వేస్తే చుట్టూ కాగితం కప్పి, గుడ్డకు రాసుకుని రుద్దండి, చెక్కకు అంటనివ్వకండి.

శ్రుతి ఏడాదికి రెండుసార్లు చేయిస్తాను. కొత్త పియానోకు మొదటి ఏడాది ఇంకా ఎక్కువసార్లు కావాలి, తీగలు సాగుతూ ఉంటాయి. ఇల్లు మారినా, గది మారినా, వెంటనే కాకుండా రెండు మూడు వారాలు అక్కడి గాలికి అలవాటు పడనిచ్చి పిలవండి. నిలువు పియానో అయినా తరచు 200 కిలోలకు పైనే తూగుతుంది కాబట్టి చక్రాలున్నాయి కదా అని ఒక్కరే తోయవద్దు.

స్టూలు కింది అరలో ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. శ్రుతి చేయించిన తేదీ, ఆ రోజు తేమ ఎంత, ఏ మెట్టు సణిగింది, ఏ స్వరం గరగరమంది. ట్యూనర్ గారు వచ్చీ రాగానే అడిగేది ఇప్పుడు మంచినీళ్ళు కాదు, ఆ పుస్తకమే. క్రితంసారి దాన్ని చదివి, మూడో పేజీలో నేను రాసిన “47 మళ్ళీ గరగర, తేమ 62” దగ్గర వేలు పెట్టి, నేరుగా 47వ సుత్తి దగ్గరికే వెళ్ళారు. పని అరగంటలో అయిపోయింది. వెళ్ళేముందు చెక్క మీద చూపుడు వేలు రాసి, వాసన చూసి, ఏమీ అనకుండా సంచి భుజాన వేసుకున్నారు.